జోలపాటలో బూచాణ్ణి ఉండనివ్వు

చిరంజీవికి,

కథ చదివాను. మెక్సికోలోని ప్వేబ్లాలో అమ్మమ్మ మనవరాలిని నిద్రపుచ్చే ఘట్టమే దీనికి ప్రాణం. కానీ ఆ పేజీ నిండా ఆవిడ చేత 'మి అమోర్' అనిపించావు, అంటే 'నా ప్రేమా' అని. తప్పని కాదు, అంటారు. అయితే ఆ మాట స్పానిష్ రానివాళ్లకూ తెలుసు కాబట్టి నీకు ముందుగా తట్టింది, అంతే.

ఆవిడ నోట సహజంగా వచ్చేది 'మిహా', అంటే 'నా కూతురా' అని. ముద్దొస్తే 'మిహితా'. అక్కడి పెద్దవాళ్లు సొంత పిల్లల్నే కాదు, పక్కింటి పిల్లనీ అలాగే పిలుస్తారు, మనం ఎవరి పిల్లనైనా 'అమ్మా' అన్నట్టు. ఊరు మారితే పిలుపూ మారుతుంది. స్పెయిన్‌లోని సెవిల్లెలో 'మియార్మా', అంటే 'నా ప్రాణమా' అని ముక్కూమొహం తెలియనివాళ్లని కూడా అంటారు. కరీబియన్ దీవుల్లో తల్లి కొడుకుని 'పాపీ' అంటుంది, అంటే నాన్న; కూతుర్ని 'మామీ' అంటుంది, అంటే అమ్మ. చంకలో బిడ్డను 'నాన్నా' అనే మనకు అదేం వింత కాదు. అర్జెంటీనాలో భార్య ఎంత సన్నగా ఉన్నా మొగుడు 'గోర్దా' అంటాడు, అంటే బొద్దుగుమ్మ. కొలంబియాలో బొగోతా వైపు కొన్ని ఇళ్లలో తల్లులు చంటిపిల్లల్ని కూడా 'ఉస్తేద్' అంటారు, అది మన 'మీరు' లాంటిది. గౌరవం కాదది, గారాబం.

ఇక లైటు ఆర్పేముందు మాటలు. 'బ్వేనాస్ నోచెస్', అంటే గుడ్ నైట్, హోటల్ గుమస్తా కూడా చెబుతాడు. ఇంట్లో అయితే 'కే దెస్కాన్సెస్', హాయిగా పడుకో అని. పిల్లలకైతే 'కే స్వేన్యెస్ కోన్ లోస్ ఆంహెలీతోస్', నీ కలలోకి బుల్లి దేవదూతలు రావాలి అని. భక్తిగల ముసలమ్మ కదా, 'దేవుడు దయతలిస్తే రేపు కలుద్దాం' అని కూడా అంటుంది. పిల్ల నుదుట వేలితో సిలువ గుర్తు వేసి దీవిస్తుంది. అది చూపించు, సగం మాటలు కొట్టేయొచ్చు.

నీ జోలపాట మరీ తియ్యగా ఉంది. స్పానిష్ జోలల్లో పేరున్న ఒకటి, నిద్రపోకపోతే కోకో వచ్చి తినేస్తాడని బెదిరిస్తుంది. మెక్సికోలో అతన్నే 'కుకూయి' అనీ అంటారు. మన బూచాడే అనుకో. స్పెయిన్ చిత్రకారుడు గోయా గీసిన 1799 నాటి 'కాప్రిచోస్' చిత్రాల్లో ఒకదాంట్లో ఈ కోకో నిలువెల్లా ముసుగేసుకుని నిలబడ్డాడు, పిల్లలు హడలిపోయి తల్లిని కరుచుకున్నారు. స్పెయిన్ కవి లోర్కా 1928లో మాద్రిద్‌లో జోలపాటల మీద ఉపన్యాసమిస్తూ, స్పెయిన్ తల్లులు పసివాళ్లను నిద్రపుచ్చడానికి దిగులు నిండిన రాగాలే ఎంచుకుంటారని అన్నాడు. నీ అమ్మమ్మకీ ఆ దిగులు ఉండాలి. కూతురు అమెరికాలో, మనవరాలు తన పక్కలో. ఉత్త ముద్దుమాటలే ఎలా వస్తాయి?

'మి అమోర్' ఒక్కచోట ఉంచు, తల్లి అమెరికా నుంచి ఫోన్ చేసినప్పుడు. 'మిహా' అనే చనువు ఆమెకు ఇంకా మిగిలిందో లేదో నువ్వే తేల్చుకోవాలి. తిరగరాసి నెలాఖరుకు పంపు.

ఆశీస్సులతో.