అద్దాల కోసం వెళ్తే షుగర్ పరీక్ష రాశారా? చేయించుకోండి

కళ్లద్దాలు మార్చుకుందామని వెళ్తే కంటి డాక్టరు షుగర్, బీపీ, కిడ్నీ పరీక్షలు రాశారనీ, ఇది డబ్బులు గుంజడానికేనా అనీ మీరు అడిగారు. కాదు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా నాయన.

మాది కర్నూలు. నాయన వన్‌టౌన్‌లో 30 ఏళ్లుగా టైలరు. 2018లో, ఆయనకు 54 ఏళ్లప్పుడు, రాజ్‌విహార్ దగ్గర బస్సు బోర్డు చదవలేక వేరే బస్సు ఎక్కి వచ్చాడు. అద్దాల షాపులో మిషన్ మీద గడ్డం పెట్టించి, పది నిమిషాల్లో కొత్త నంబరు రాసిచ్చారు. రెండు నెలలకే ఆ అద్దాలు పడలేదు. మళ్లీ పోతే ఇంకో నంబరు. ఆ తర్వాత సూదిలో దారం ఎక్కించడానికీ కష్టమైంది. "ఒకరోజు బాగా కనపడుతుంది, ఒకరోజు మసక" అనేవాడు. ఆరు నెలల్లో మూడు జతలు. నంబరు ఎందుకిట్ల మారుతోందని ఆ షాపులో ఒక్కరూ అడగలేదు. నాకు ఇప్పటికీ కోపం అక్కడే.

షుగర్ బాగా పెరిగితే కంట్లో ఉండే లెన్సు ఉబ్బి, అద్దాల నంబరు అటూ ఇటూ మారుతుంది. ఇది మాకు తర్వాత తెలిసింది. పక్కింటామె నందివర్ధనం పూల రసం పిండమంటే, అమ్మ వారం రోజులు అదీ చేసింది. దయచేసి కంట్లో ఏ రసమూ పిండుకోవద్దు.

చివరికి కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. కంటిపాప పెద్దదయ్యే చుక్కల మందు వేసి అరగంట బెంచీ మీద కూర్చోబెట్టారు. డాక్టరమ్మ గదిలో లైటు ఆర్పి, తలకు లైటు కట్టుకుని, చేతిలో చిన్న అద్దం పట్టుకుని, "పైకి చూడండి, కిందికి చూడండి" అంటూ రెండు కళ్లూ చాలాసేపు చూశారు.

"షుగర్ ఎన్నేళ్ల నుంచి ఉంది మీకు?"

"నాకు షుగర్ యాడుంది మేడం? ఎప్పుడూ పరీక్షే చేయించుకోలేదు."

ఆమె ఇంకేం అనకుండా కంటి లోపలి ఫోటో తీయించి కంప్యూటర్‌లో చూపించారు. నారింజ రంగు గుండ్రంలో సన్నని రక్తనాళాలు, వాటి పక్కన ఎర్రటి చుక్కలు, అక్కడక్కడా పసుపు మచ్చలు. నాయన కాసేపు చూసి, "గుడ్డ మీద మిషన్ నూనె మరకల మాదిరి ఉన్నాయి" అన్నాడు. చిన్న రక్తనాళాలు దెబ్బతిని కారితే అట్లా అవుతుందని, ఒక్కరోజులో వచ్చేది కాదని, ఏళ్ల నుంచి ఉండి ఉంటుందని ఆమె చెప్పారు. మరుసటి రోజు పరగడుపున రక్తపరీక్ష చేస్తే షుగర్ 268. బీపీ 170/100. కంట్లో చిన్న రక్తనాళాలు ఇట్లా ఉంటే కిడ్నీల్లోనూ చూడాలని మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ పరీక్షలు రాశారు. మీకు రాసినవి కూడా ఇవే అనుకుంటాను.

శరీరంలో ఎక్కడా కొయ్యకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగే చోటు కన్నే. కంటి లోపలికి చూసే పరికరాన్ని జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ 1851లోనే చేశాడు. నిన్న మొన్న పుట్టిన వ్యాపారం కాదు. బీపీ ఎక్కువ కాలం ఉంటే అక్కడి రక్తనాళాలు సన్నబడతాయి. పుర్రె లోపల ఒత్తిడి పెరిగితే కంటి నరం మొదలు దగ్గర వాపు కనిపిస్తుంది. వయసు తక్కువవాళ్లకు నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం ఉంటే కొలెస్ట్రాల్ చూపించుకోమంటారు. షుగర్ ఉందని ఖాయం చేసేది రక్తపరీక్షే. కానీ ఆ పరీక్ష చేయించుకోవాలని మా నాయనకు చెప్పింది కన్ను. అందుకే నన్నడిగితే, 40 దాటిన ప్రతి ఒక్కరూ ఫుల్ బాడీ ప్యాకేజీలకు డబ్బు పోసే ముందు చుక్కలు వేయించుకుని కళ్లు చూపించుకోవాలి.

మన దగ్గర కంటి పరీక్ష అంటే అద్దాలు, లేదంటే శుక్లం ఆపరేషన్. అంతే. 2019 అక్టోబర్ 10న అనంతపురంలో రాష్ట్ర ప్రభుత్వ కంటి పరీక్షల పథకం కంటి వెలుగు మొదలైనప్పుడు, అక్కడ ఉండే మా అక్క వాళ్ల పిల్లలకు బడిలోనే కళ్లు చూశారు. మంచి పని. అదే ఇంట్లో బావకు ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. ఆయన కంట్లో ఒక్కసారీ చుక్కలు పడలేదు. చూపు బాగానే ఉంది కదా అంటాడు. నాయనకు ఎడమ కంట్లో అంత జరిగినా నొప్పి లేదు, ఎరుపు లేదు. షుగర్ ఉన్నవాళ్లు చూపు బాగున్నా ఏడాదికోసారి రెటీనా (కంటి లోపలి వెనక పొర) చూపించుకోవాలని డాక్టరమ్మ మాకు కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. బావకు ఆ కాగితం ఫోటో తీసి పంపాను. ఇంకా పోలేదు.

నాయనకు ఎడమ కంటికి లేజర్ చేశారు. షుగర్ అదుపులోకి వచ్చేదాకా కొత్త అద్దాలు రాయబోమని చెప్పారు. రెండు నెలలు ఆగి రాయించుకున్న ఆ జత మూడేళ్లు నడిచింది. ఇప్పటికీ కుడుతున్నాడు, రవిక కాజాలు మాత్రం అమ్మ కుడుతుంది.

మీకు చుక్కలు వేసి చూశారా, లేదా? ప్రశ్నలో రాయలేదు. వేయకపోతే మళ్లీ వెళ్లి అడగండి. కర్నూలులో అయితే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. ఆ రోజు బండి మీద పోవద్దు, తోడు ఎవరినైనా తీసుకుపోండి. కొన్ని గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, మన ఎండకు కళ్లు తెరవలేరు. నాయన ఇంటిదాకా తల మీద తువ్వాలు కప్పుకుని, నా భుజం పట్టుకుని నడిచాడు.