చిట్టీ, ఎరుపు జాగ్రత్త

కాకినాడ

చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

ఆదివారాలు రాజమండ్రి పుష్కరాల రేవులో పిల్లల చేత నీటిరంగులు వేయిస్తావనీ, ఉగాదికి నీ బొమ్మలు అమ్మకానికి పెడతావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సగం సంతోషం. మిగతా సగమే ఈ ఉత్తరం. ఉద్యోగం మానేసే సంగతి నేనెత్తను, మీ నాన్న ఎలాగూ ఎత్తుతాడు.

కాగితం మందంగా, 300 జీఎస్ఎమ్‌కి తగ్గకుండా, నూలుది కొను. కుంచె కడగడానికో గ్లాసు, రంగు కలపడానికో గ్లాసు. ఇవి నీకు తెలిసినవే.

ఇక ఎరుపు.

మీ హాల్లో అమ్మ పెళ్ళిబొమ్మ ఉంది కదా. ఆరేళ్ళప్పుడు అడిగావు, "మామయ్యా, అమ్మ పెళ్ళికి నీలం చారల తెల్లచీర ఎందుకు కట్టుకుంది?" అని. కాగితం మంచిది కాదమ్మా అన్నాను. అబద్ధం. కాగితం మంచిదే. అది ఎర్ర పట్టుచీర. పెళ్ళి తొమ్మిది రోజులుందనగా మొదలెట్టాను. అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురెరుపు ట్యూబు చేతికి దొరికింది. తడి కాగితం మీద వదిలితే కుంకుమ కరిగినట్టు పాకేది. నాకు నేర్పిన మాస్టారు చూసి, "ముందు ఒక ముక్క మీద పూసి, సగం అట్టతో మూసి, కిటికీకి అంటించి చూడరా" అన్నారు. తొమ్మిది రోజుల్లో కిటికీ ఏం చెప్తుందిలే అని నవ్వాను. పొర మీద పొర పల్చగా వేశాను, మడతల నీడల్లో ఆ ఎరుపులోనే నీలం కలిపాను. పందిట్లో అందరూ మెచ్చుకున్నారు. బావగారు పడమటి కిటికీ ఎదురుగా తగిలించారు. నాలుగు ఎండాకాలాలకి ఎరుపు వెలిసింది, పదేళ్ళకి పూర్తిగా పోయింది. నీలం మిగిలింది. నువ్వు చూసిన చారలు అవే.

మళ్ళీ వేసిస్తానక్కా అంటే, "నాకు ఎర్రగానే కనిపిస్తోంది లేరా" అంది మీ అమ్మ. ఇవాళ్టికీ దించలేదు. తిట్టినా బాగుండేది.

అందుకని ట్యూబు మీద సన్నక్షరాల్లో పీఆర్83 అని, అంటే ఆ అలిజరిన్ రంగు గుర్తు ఉంటే, ఎంత ముద్దొచ్చినా కొనకు. పీవీ19 ఉన్నది చూసుకో, ఆ ఎరుపు ఎండకి తట్టుకుంటుంది. డబ్బిచ్చి కొన్నవాళ్ళ గోడ మీద నీ సంతకం ఉంటుంది, తొందర పడ్డావని వాళ్ళకెవరు చెప్తారు? వరద గోదారి వేసేటప్పుడు మాత్రం బెంగ లేదు. అది మట్టి ఎరుపు, ఇనుము ఎరుపు. దానికి వాడే బర్న్ట్ సియెన్నా రంగు ఎండకి జడవదు.

పిల్లల కాగితం మీద నీ కుంచె పెట్టకు. ముప్పై ఏళ్ళు డ్రాయింగు మాస్టారుగా నేను చేసిందదే. వాళ్ళందరి ఆకాశాలూ నా ఆకాశాలే అయ్యాయి. శ్రావణంలో నీళ్ళు పెరిగితే మెట్ల మీద వద్దు, పైన కూర్చోబెట్టు. ఇది సలహా కాదు, ఆజ్ఞ. ఒక ఆదివారం దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి నడిపించు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే, 1925లో మశూచి ఆయన్ని పట్టుకుపోయింది. ఆ కొద్ది కాలంలోనే తాను వేస్తూ, రాజమండ్రిలో తోటివాళ్ళ కోసం చిత్రకళకి బడి కూడా పెట్టాడు. నీకింకా చాలా టైముంది, నిదానించు.

పోయినసారి నువ్విక్కడ మర్చిపోయిన ఎర్ర ట్యూబు తీసి, ఒక ముక్క మీద పూసి, సగం మూసి, నిన్ననే మా పడమటి కిటికీకి అంటించాను. సంక్రాంతికి నువ్వొచ్చేదాకా అట్ట తియ్యను.

మామయ్య