సిపాయి పొట్టి, కోటు బొంత

ప్రశ్న: గొల్లప్రోలు దగ్గరి చందుర్తిలో 1758 డిసెంబరులో ఇంగ్లీషు, ఫ్రెంచి సైన్యాలు తలపడిన యుద్ధాన్ని బల్ల మీద పేర్చాలని రెండేళ్ల కిందట ఎం-సీల్‌తో (రెండు ముద్దలు కలిపితే గట్టిపడే పుట్టీ) 54 మి.మీ. ఎత్తు సిపాయిలను చేయడం మొదలుపెట్టాను. మొదటి ఆరింటినీ ఇప్పుడు చూస్తే ఏదో తేడాగా ఉంది, ఏమిటో తెలియడం లేదు. పారేయాలా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ఫొటోలు చూశాం. పారేయడానికి ముందు స్కేలు పెట్టి కొలవండి. 54 మి.మీ. అంటే 1:32 లెక్కన (అసలుకు 32వ వంతు) 172 సెం.మీ. మనిషి. మనిషి ఎత్తు తలకు సుమారు ఏడున్నర రెట్లు కాబట్టి తల 7 మి.మీ. పైన కాస్త ఉండాలి. మీవి 10 ఉన్నాయి. కళ్లూ మీసాలూ దిద్దాలన్న ఆత్రంలో తల పెరుగుతుంది. మొత్తం ఎత్తు పెరగకూడదు గనుక ఆ కోత కాళ్ల మీద పడుతుంది. కాళ్లు చీలే చోటు ఎత్తులో సగానికి, 27 మి.మీ. దగ్గరికి రావాలి. మీ సిపాయిలకు 22 దగ్గరే ఉంది. అందుకే ఆ పొట్టితనం.

రెండోది కోటు. అంచు మందం 1 మి.మీ. అంటే అసలు కొలతలో 3 సెం.మీ. పైమాటే, అది కోటు కాదు, బొంత. పుట్టీని టాల్కం పౌడరు చల్లిన ప్లాస్టిక్ షీటు మీద పల్చగా ఒత్తి, బ్లేడుతో కోసి అతికించండి. అతికే వైపు మాత్రం పౌడరు తుడిచేయాలి. ముడతలు బట్ట లాగుడు పడే చోట, అంటే చంకలో, మోచేతి మడతలో, మోకాలి వెనక పుట్టి అక్కడి నుంచి విచ్చుకుంటాయి. మీరు ఒళ్లంతా వానపాముల్లా గీశారు.

తుపాకీ కూడా కురచే. నాటి ఇంగ్లీషు మస్కెట్ సుమారు 158 సెం.మీ., మీ కొలతలో 49 మి.మీ. నేల మీద నిలబెడితే మూతి సిపాయి కళ్ల దాకా రావాలి. పుట్టీతో చేస్తే వంకర పోతుంది. ఒకటిన్నర అంగుళాల 22 గేజ్ ఇంజెక్షన్ సూది (కొత్తది) కొన కత్తిరించి గొట్టంగా వాడండి, మందం ఇంచుమించు సరిపోతుంది. కర్ర భాగానికి వెదురు పుల్ల చాలు.

తల మార్చొచ్చు. మెడ దగ్గర కోసి, సన్నని రంధ్రం చేసి, తీగ ముక్క దిగేసి సూపర్ గ్లూ పెట్టండి. చేతులూ అంతే. కాళ్లు మాత్రం బాగుచేయడం దండగ. ఆ ఆరింటినీ వెనక వరసలో, పొదల చాటున నిలబెట్టేయండి.

ప్రశ్న: ఎండాకాలంలో ఎం-సీల్ చేతిలోనే గట్టిపడుతోంది. తడి వేళ్లతో చేస్తే తర్వాత పెచ్చులుగా లేస్తోంది.
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: రెండు ముద్దలూ కలిసినప్పుడు జరిగే రసాయన చర్య వేడికి వేగం పుంజుకుంటుంది. మే నెలలో ఒకసారికి శనగగింజంత కలపండి. రెండూ సమానంగా తీసుకుని, ఎక్కడా చార కనపడనంతవరకు పిసకాలి. చార మిగిలిన చోట ఎన్నాళ్లైనా మెత్తగానే ఉంటుంది. నీళ్లు నునుపు చేయడానికే. పొరల మధ్య తడి, చెమట, నూనె చేరితే పట్టు ఉండదు. పాత పొరను ఎమెరీ కాగితంతో గరుకు చేసి, ఆరిన గుడ్డతో తుడిచాకే కొత్తది వేయండి. ఆ పొడి పీల్చకండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి.

ఒకే పూటలో బొమ్మ ముగించాలనుకోవద్దు. బొమ్మ లోపల ఎముకలా ఉండే తీగ మీద పల్చటి తొలిపూత వేసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు మొండెం, కాళ్లు. ఆ మర్నాడు కోటు. బెల్టులు, టోపీ చివర. లేకపోతే తల దిద్దుతుంటే నడుం నొక్కుకుపోతుంది.

ప్రశ్న: గోదావరి ఒండ్రుమట్టితో చేస్తే చేతులు విరిగిపోతున్నాయి.
– ఒక విద్యార్థి, కొత్తపేట

జవాబు: మట్టి ఆరుతూ కుంచించుకుంటుంది, లోపలి తీగ కుంచించుకోదు. అందుకే తీగ వెంబడే పగులు. మట్టితో 15 సెం.మీ. నమూనా చేసి నిలబడే తీరు, బరువు ఏ కాలి మీద పడుతోందో చూసుకోవడానికి వాడండి. చిన్న సిపాయికి పుట్టీయే. తీగ 1 మి.మీ. ఇత్తడిది తీసుకోండి, కరెంటు వైర్లోని రాగి తీగ మెత్తన, నొక్కితే వంగిపోతుంది.

ప్రశ్న: రంగుకు ముందు వేసే స్ప్రే ప్రైమర్ కొడితే తెల్లటి మసక వస్తోంది.
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: ముసురు రోజుల్లో కొట్టారు. ద్రావకం ఆవిరవుతూ పూత పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. ఎండ కాసే పగటిపూట, పొడిగా ఉన్నప్పుడు పల్చగా రెండుసార్లు కొట్టండి. వానాకాలమైతే ప్రైమర్‌ను బ్రష్షుతో వేసుకోవడం మేలు.