నీ ఉత్తరం చివరి వాక్యం

అమ్మలూ,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. బడిలో రాయమన్న ప్రాజెక్టు వ్యాసానికి మూడు అంశాలు పంపి, ఏది తీసుకోమంటారు తాతయ్యా అని అడిగావు. పర్యావరణ కాలుష్యం, గోదావరి నది, వరదలు - నివారణ. మూడూ చదివాను. కానీ నేను ఆగిపోయింది అన్నిటికంటే కింద నువ్వు హడావుడిగా గిలికిన వాక్యం దగ్గర. "రాత్రంతా కరకట్ట దగ్గర మోటార్ల చప్పుడు, నిద్రే లేదు" అన్నావు.

నా మాట వింటే ఆ మోటార్ల గురించి రాయి.

ఆ మూడూ చెడ్డవని కాదు. ఆరు పేజీల్లో పట్టేవి కావు. గోదావరి త్ర్యంబకం నుంచి సముద్రం దాకా 1,465 కిలోమీటర్లు. అంత నదిని ఎత్తుకుంటే పుట్టిన చోటు, ఉపనదులు, ఆనకట్టలు అంటూ పాఠంలో ఉన్నదే నీ చేతిరాతలోకి వస్తుంది. నీ వయసులో నేనూ "నీరు ప్రాణాధారం" అని మొదలుపెట్టి ఒక వ్యాసం రాశాను. క్లాసులో సగం మంది అదే వాక్యంతో మొదలుపెట్టారు. అందులో నేను కళ్ళారా చూసిన సంగతి ఒక్కటీ లేదు. ఆ లోటు ఇప్పటికీ గుర్తుంది.

మోటార్ల దగ్గర అలా కాదు, అక్కడ ఒక ప్రశ్న ఉంది. గోదావరి భద్రాచలంలోకి రాకూడదనే కదా కట్ట వేశారు, మరి కట్టకు ఇవతల, గుడి చుట్టుపక్కల నీళ్ళెందుకు నిలుస్తాయి? నది పెరిగితే స్లూయిస్ తలుపులు, అంటే ఊరి నీరు నదిలోకి పోయేందుకు కట్టలో ఉన్న తూముల తలుపులు, దించేస్తారు. లేకపోతే నది నీరే ఆ దారిన ఊళ్ళోకి ఎదురుతన్నుతుంది. తలుపులు పడ్డాక ఊరిమీద కురిసిన వానకు పోయే దారి ఉండదు. దాన్ని తోడి అవతల పోయడానికే ఆ మోటార్లు. ఇంతవరకు నేను చెప్పగలను. నీ వ్యాసం ఇక్కడి నుంచి మొదలవ్వాలి. తలుపులు ఎప్పుడు దించాలో ఎవరు నిర్ణయిస్తారు? అర్ధరాత్రి కరెంటు పోతే ఏం చేస్తారు? ముందు తడిసేది ఏ వీధి?

అంకెలు పెట్టు, కానీ వాటిమీదే ఆధారపడకు. 43, 48, 53 అడుగులకు మూడు ప్రమాద హెచ్చరికలని మీ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిందని, 2022 జులైలో 71.3 వచ్చిందని ఏ పేపర్లోనైనా దొరుకుతుంది. పేపర్లో దొరకనిది మీ వీధిలోని పెద్దవాళ్ళ దగ్గర ఉంది. వాళ్ళను "వరద ఎలా ఉండేది" అని అడగకు. "అబ్బో, చెప్పలేం తల్లీ" అని ఊరుకుంటారు. "ఆ రోజు మొట్టమొదట అటకమీదికి ఎక్కించిన సామాను ఏంటి మామ్మా?" అని అడుగు. బియ్యం బస్తానో, పెళ్ళి ఫొటోనో, కుట్టు మిషనో చెబుతుంది. చెబుతూ చెబుతూ నీళ్ళు గోడమీద ఎక్కడిదాకా వచ్చాయో చేత్తో చూపిస్తుంది. ఆ చెయ్యి ఎంత ఎత్తున ఆగిందో రాసుకో. నీకు భుజం దాకానా, తల దాటిందా?

ఒకటి మాత్రం చూసుకో. అంశం మరీ చిన్నదని మాస్టారు అంటారేమోనని నీకు భయం ఉండొచ్చు. "కరకట్ట లోపలి నీళ్ళు" అని పేరు పెట్టి, నీ ప్రశ్న మొదటి పేరాలోనే రాసి చూపించు. వరదలు - నివారణ అన్న నీ మూడో అంశం కూడా అందులోనే ఉంది. ఆ మాట ఆయనతో చెప్పు.

మోటార్ల దగ్గర డ్యూటీలో ఉన్నాయన్ని కలవడానికి పగటిపూట వెళ్ళు, నాన్నను తోడు తీసుకెళ్ళు. వాన తెరిపిచ్చినా కట్టమీద మట్టి జారుతుంది. నోట్సు పెన్నుతో కాకుండా పెన్సిల్‌తో రాసుకో, తడిసినా అక్షరాలు చెదరవు. మొదటి పేజీ అవగానే నాకు పంపు.

ఆశీస్సులతో,
తాతయ్య