ఒంటి చేత్తో ట్యాలీ

ప్రశ్న: మాది మండపేట దగ్గర పల్లెటూరండి. మా అన్నయ్య రైసు మిల్లులో గుమస్తా, లెక్కలన్నీ ట్యాలీలో (కంప్యూటర్లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఆయనే చూసేవాడు. నిరుడు పక్షవాతం వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నాడు, మాట బాగానే ఉంది, కుడిచేతి వేళ్లు మాత్రం చెప్పినట్టు వినవు. షావుకారు గారు మళ్లీ రమ్మంటున్నారు, అన్నయ్యేమో రెండు మీటలు కలిపి నొక్కలేనని కూర్చున్నాడు. ఒంటి చేతి కీబోర్డు కొనమంటారా?

జవాబు: ముందు ఏమీ కొనకండమ్మా. ఆయనకి కావలసిన వాటిలో సగానికి పైగా ఆ మిల్లు కంప్యూటర్లోనే ఉన్నాయి, ఎవరూ తెరిచి చూడరంతే. షిఫ్ట్ మీట వరసగా 5 సార్లు నొక్కితే స్టికీ కీస్ ఆన్ చేయమంటారా అని విండోస్ అడుగుతుంది, అవుననండి. ఇక ఆల్ట్ నొక్కి, వదిలేసి, తాపీగా సి నొక్కినా రెండూ కలిపి నొక్కినట్టే లెక్క. వోచర్ (ఒక్కో లావాదేవీ నమోదు) మధ్యలో కొత్త లెడ్జర్ (ఖాతా) తెరవడానికి ఆల్ట్ సి, సేవ్ చేయడానికి కంట్రోల్ ఎ, అన్నీ ఒక్క ఎడమచేత్తోనే అయిపోతాయి. ఒక మెలిక మాత్రం ఉంది. రెండు మీటలు ఒకేసారి పడితే స్టికీ కీస్ ఆగిపోయేలా ఒక ఆప్షన్ ఉంటుంది, కుడిచెయ్యి పొరపాటున కీబోర్డుకి తగిలిందంటే చాలు, అది ఆగిపోతుంది, ఆయనేమో తన చేతకానితనమనుకుంటాడు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్ దగ్గరికి వెళ్లి ఆ ఆప్షన్ తీసేయండి.

అక్కడే ఫిల్టర్ కీస్ కూడా ఉంటుంది. వేలు మీట మీద కాస్త ఎక్కువసేపు ఆగిపోయి 5000 కాస్తా 50000 అయితే తవుడు లెక్క ఏమవుతుందో మీకు చెప్పాలా! వెంటవెంటనే పడే మీటల్ని ఇది పట్టించుకోదు. ఎంతసేపు ఆగాలన్నది ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకునే సరిచేయండి, లేకపోతే మామూలుగా కొట్టినవి కూడా ఎక్కక విసుగొస్తుంది.

మౌస్ కీస్ అని ఇంకోటుంది, అంకెల మీటలతో బాణం గుర్తుని కదిలించేది. లెక్కలు రాసేవాళ్లకి నేనైతే అది చెప్పను, ఎందుకంటే అది పనిచేస్తున్నంతసేపూ ఆ మీటలతో అంకెలు పడవు. ట్యాలీకి మౌస్ అవసరం తక్కువే కాబట్టి మామూలు మౌస్‌నే ఎడమవైపు పెట్టి, సెట్టింగ్స్‌లో బటన్లు తారుమారు చేస్తే చాలు. మౌస్ కదపడమే కష్టమైతే ట్రాక్‌బాల్ చూడండి. దాన్ని జరపక్కర్లేదు, పైనున్న బంతిని దొర్లిస్తే సరి. బొటనవేలితో తిప్పే రకాలు ఎక్కువగా కుడిచేతికే చేస్తారు, కాబట్టి బంతి మధ్యలో ఉన్నది అడగండి.

డబ్బు పెట్టి కొనాల్సిందల్లా యుఎస్‌బి అంకెల కీప్యాడ్ ఒక్కటే. కీబోర్డుకి కుడివైపున్న అంకెల కోసం ఎడమచెయ్యి రోజంతా అటూ ఇటూ పరిగెత్తితే సాయంత్రానికి భుజం పట్టేస్తుంది. దీన్ని ఎడమవైపు పెట్టుకోవచ్చు.

ఉత్తరాలకైతే మాట్లాడి టైప్ చేయడం హాయి. విండోస్ మీట, హెచ్ కలిపి నొక్కాలి (ఇక్కడా స్టికీ కీస్ పనికొస్తుంది), ఇంటర్నెట్ ఉండాలి. ఫోన్లో గూగుల్ తెలుగు మాటల్ని రాసిపెట్టడం 2017 నుంచీ ఉంది. మిల్లు చప్పుడులో మాత్రం అంకెలు నోటితో చెప్పొద్దనండి.

ప్రశ్న: అమలాపురంలో ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. ప్రమాదంలో మూడు వేళ్లు పోయాయి, టైపింగ్ నెమ్మదించింది. ఉద్యోగం తీసేస్తారేమోనని టెన్షన్.

జవాబు: తీసేయడానికి లేదండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతం స్కేలుతో వేరే పోస్టుకి మార్చాలి, అదీ కుదరకపోతే తగిన పోస్టు దొరికేదాకా అదనపు పోస్టులో ఉంచాలి. పని చేసుకోవడానికి కావలసిన ఏర్పాట్లు చేయాలని కూడా అందులోనే ఉంది. అందుకే ట్రాక్‌బాలో, పెద్ద మీటల కీబోర్డో ఏది కావాలో పేరు రాసి, డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. నోటిమాటగా అడిగితే పని జరగదు. పై ప్రశ్నలోని మిల్లు గుమస్తాకి ఈ రక్షణ వర్తించదు, అది ప్రభుత్వ సంస్థలకే. ఆయనకి షావుకారు గారి మంచితనమే దిక్కు, కాబట్టి పిలిచినప్పుడే వెళ్లమనండి.