పాటలో కారు పేరు వినిపిస్తే, అది నిజంగా ఏ కారు?

అమెరికన్ పాప్ పాటల్లో, ముఖ్యంగా 1960ల నాటి వాటిలో, కారు పేరు ఊరికే అలంకారం కోసం రాదు. కొన్ని పాటలు దాదాపు విడిభాగాల జాబితాలే. రోనీ అండ్ ద డేటోనాస్ 1964లో పాడిన ‘జి.టి.ఓ.’ పాంటియాక్ జి.టి.ఓ. గురించిన పాట. అందులో గబగబా దొర్లిపోయే అంకెలన్నిటికీ అర్థం ఉంది: మూడు కార్బురేటర్లు, నాలుగు గేర్లు, 389 ఘనపు అంగుళాల ఇంజిన్, అంటే సుమారు 6.4 లీటర్లు. బీచ్ బాయ్స్ ‘409’ (1962) కూడా అంతే. ఆ అంకె షెవ్రొలే ఇంజిన్ పరిమాణం.

బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ‘రేసింగ్ ఇన్ ద స్ట్రీట్’ (1978)లో ఉన్నది 1969 మోడల్ షెవ్రొలే. దానికి 396 ఇంజిన్, ‘ఫ్యూయెలీ’ (ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఇంజిన్ల కోసం చేసిన) సిలిండర్ హెడ్లు ఉన్నాయంటాడు. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు పట్టుకునే తప్పు ఇదే. ఆ హెడ్లు అదే కంపెనీ చిన్న వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్లవి, పెద్ద రకమైన 396కు సరిపోవు. పలకడానికి మాత్రం భలే ఉంటుంది.

జానిస్ జాప్లిన్ ‘మెర్సిడిస్ బెంజ్’కు ఇలాంటి లెక్కలేవీ అక్కర్లేదు, హోదాకు పేరొక్కటే చాలు. వాద్యాలు లేకుండా 1970 అక్టోబర్ 1న రికార్డు చేసిన ఆ పాటలో, స్నేహితులందరికీ పోర్షేలు ఉన్నాయని, తనకు బెంజ్ ఇప్పించమని దేవుణ్ణి అడుగుతుంది. నిజానికి ఒళ్లంతా రంగురంగుల బొమ్మలున్న పోర్షే ఒకటి ఆమెకే ఉండేది!

ప్రిన్స్ ‘లిటిల్ రెడ్ కార్వెట్’లో మాత్రం మోడల్, సంవత్సరం వెతకకండి. అక్కడ కార్వెట్ అంటే షెవ్రొలే స్పోర్ట్స్ కారు కాదు, ఒక అమ్మాయి.