పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారికి ఓ ప్రశ్న

ప్రశ్న: సార్, నెల్లూరులో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. కాలేజీ క్యాంటీన్ తడిచెత్తతో ఎరువు గుంట నడిపిస్తున్నాను. మా వీధి యువజన సంఘానికి కార్యదర్శిని. రొట్టెల పండుగకి స్వర్ణాల చెరువు దగ్గర ప్లాస్టిక్ కవర్లు ఏరడానికి పిల్లల్ని తీసుకెళ్లేది నేనే. ఈ ఏడాది అథ్లెటిక్స్ జట్టుకి మేనేజర్‌ని కూడా చేశారు. ప్రాక్టీస్ దగ్గరుంటే గుంట కంపు కొడుతోందని క్యాంటీన్ అన్న ఫోను, గుంట దగ్గరుంటే ఎంట్రీ ఫారాలేవని మా పీడీ సార్ ఫోను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏది మానెయ్యమంటారు?
– ఒక విద్యార్థిని, నెల్లూరు

జవాబు: ముందు మేనేజర్ పని సంగతి చూద్దాం తల్లీ. అందులో నువ్వు ఏమరుపాటుగా ఉంటే నష్టపోయేది వేరేవాళ్లు. ఎంట్రీ గడువు దాటిందా, ఏడాదంతా పరిగెత్తిన పిల్ల గ్యాలరీలో కూర్చోవాల్సిందే. పదో తరగతి మెమో జిరాక్స్, ఫొటో, ప్రిన్సిపాల్ సంతకం, దాని మీద స్టాంపు... ఇందులో ఒకటి లేక గ్రౌండ్ గేటు దగ్గర ఏడ్చిన కుర్రాళ్లని నా సర్వీసులో చూశాను. అందుకని ఫారాలు మాత్రం ఎవరికీ ఇవ్వకు. చెస్ట్ నంబర్లు, పిన్నీసుల డబ్బా, రిలే బ్యాటన్ నువ్వెందుకు మోయడం? ఆ రోజు ఈవెంట్ లేనివాళ్లు నీడన కూర్చుని కబుర్లాడుతుంటారు, వాళ్లకి అప్పజెప్పు. మీట్‌కి వాటర్ బాటిళ్లు కొనకుండా ఇరవై లీటర్ల టిన్నులు, స్టీలు గ్లాసులు పెట్టించావంటే నీ ప్లాస్టిక్ పని కూడా అక్కడే కొంత అయిపోతుంది.

ఇక గుంట. కంపు కొడుతున్నది నువ్వు లేక కాదు, ఎండుటాకులు చాలక. సాంబారు నీళ్లు వంపేసి మిగిలింది గుంటలో వేసిన ప్రతిసారీ పైన దానికి రెండింతలు ఎండుటాకులో రంపపు పొట్టో పడాలి. వారానికోసారి పారతో తిరగెయ్యాలి. గాలాడకపోతే ఎవరు కాపలా ఉన్నా కుళ్లు వాసనే. పక్కనే ఆకుల బస్తా పెట్టి, క్యాంటీన్‌లో అంట్లు తోమే ఆవిడకి ఒకసారి చేసి చూపించు. రోజూ ఆ బకెట్ ఎత్తేది ఆవిడే కాబట్టి నీకన్నా బాగా చేస్తుంది. తయారైన ఎరువులో ఓ బస్తా ఆవిడకి ఇప్పించు. కాలేజీ వాళ్లు తీసే ఫొటోలో ఆవిడని కూడా నిలబెట్టు. ఇలాంటి ఫొటోల్లో పని చేసినవాళ్లు తప్ప అందరూ ఉంటారు!

రొట్టెల పండుగ మొహర్రం నెలది. చంద్రుడి లెక్క కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో జూలైలో వచ్చింది, ఇక మెల్లగా జూన్‌లోకి వెళ్తుంది. నీ మీట్లు ఎక్కువగా చలికాలంలో కాబట్టి వాటితో పేచీ లేదు. పేచీ సెమిస్టర్ పరీక్షలతో రావచ్చు. ఇప్పుడే సంఘంలో ఒకర్ని సహకార్యదర్శిగా పెట్టుకో.

రాత్రి తొమ్మిది దాటాక ఫోను ఎత్తకు. ఆ మాట క్యాంటీన్ అన్నకీ, మీ సార్‌కీ ముందే చెప్పు. సార్ కసురుకుంటే కసురుకోనీ, పొద్దున గ్రౌండ్‌కి వచ్చేసరికి మర్చిపోతారు. పీడీలం అందరం అంతే.